అంకాలు చెప్పిన ఎలకల శాస్త్రం

రేపల్లెలో ధర్నాలు కొత్త కాదు గానీ ఎలక బుట్టలతో ధర్నా చెయ్యడం అదే మొదలు. వ్యవసాయాఫీసు గేటు ముందు నూట ఇరవై బుట్టలు పరిచారు. ఒక్కోదానికీ వంచిన వెదురు బద్ద, బద్దకో తాడు, లోపల ఉచ్చు. వాటి వెనక చెరుకుపల్లి కాలవకట్ట మీద ఉండే యానాదులు బారులు తీరి కూర్చున్నారు. ఆఫీసరుగారు లోపలికి పోవాలంటే ఆ బుట్టల మధ్య నుంచే పోవాలి. ఆయన ప్యాంటు రెండు చేతులా ఎత్తి పట్టుకుని కాలు తీసి కాలు వేస్తుంటే అంకాలు పడీ పడీ నవ్వింది. ధర్నాలో నవ్వకూడదని తెనాలి నుంచి వచ్చిన లాయరు స్టెల్లా మేడం కళ్ళతోనే గదమాయించింది. అంకాలు కొంగు నోట్లో కుక్కుకుంది గానీ భుజాలు ఎగురుతూనే ఉన్నాయి.

అంకాలు యానాదుల సంఘానికి ప్రెసిడెంటు. ఎన్నిక జరిగిందా అంటే జరగలేదు. అందరికన్నా గొంతు పెద్దది, అందరికన్నా ఎక్కువ ఎలకల్ని పట్టింది, కాబట్టి ప్రెసిడెంటు. వయసు యాభై మూడని ఆధార్ కార్డులో ఉంది. ఆ రాసినవాడు తన పురుడు పోశాడా అని ఆమె అడుగుతుంది.

తగాదా ఏంటంటే, ఏదో దేశపు కంపెనీ ఒకటి చెరుకుపల్లి నుంచి కొలకలూరు దాకా రైతుల్ని పోగేసి ఎలకల పథకం పెట్టింది. గట్టు గట్టుకీ ఒక మిషను గుచ్చుతారు. ఎలక కదిలితే మిషను రైతు ఫోనుకి మెసేజి కొడుతుంది. రైతు కంపెనీ మందు కొని కన్నంలో పెట్టాలి. మిషన్లు కదలకూడదు కాబట్టి పథకంలో చేరిన పొలాల గట్లు ఎవరూ తవ్వకూడదు. ఈ ఆఖరి ముక్క దగ్గరే యానాదుల కంచంలో మట్టి పడింది. తాతల నాటి నుంచి ఒక మాట నడుస్తోంది. కోతలయ్యాక గట్టు తవ్వితే ఎలకలు చావడం రైతు లాభం, కన్నంలో దొరికిన వడ్లు తవ్వినవాళ్ళ లాభం. ఎలక మహా లోభి. అది తినేది తక్కువ, దాచేది ఎక్కువ. మంచి కన్నం పడితే కుంచెడు వడ్లకి తక్కువుండవు. ఆ గింజలతో ఇంటిల్లిపాదీ రెండు నెలలు అన్నం తింటారు, ఎలకలు కూరలోకి. గట్టు తవ్వొద్దంటే ఆ రెండు నెలలూ పస్తే.

అయితే కంపెనీకీ ఒక చిక్కుంది. పెట్టుబడి పెట్టే విదేశీ సంస్థవాళ్ళు ధర్మాత్ములు. ఆదివాసుల జ్ఞానాన్ని గౌరవించాలి, వాళ్ళు ఒప్పుకున్నట్టు సంతకాలు తేవాలి, అప్పుడే పైకం అన్నారు. ఆ గౌరవం ఎలాగంటే, యానాదులకి తెలిసిందంతా ఒక రిజిస్టరులో రాసుకుని, రైతులకి నేర్పేసి, ఆ తర్వాత యానాదుల్ని ఇంటికి పంపెయ్యడం. పీట వేసి కంచం లాగేసే మర్యాద అది.

దీని మీద తెనాలిలో పెద్ద సభ జరిగింది. హైదరాబాదు నుంచి ఖద్దరు లాల్చీ ప్రొఫెసరుగారొకాయన వచ్చి, పడమటి దేశాల జ్ఞానం మన నెత్తికెక్కి ఎలా కూర్చుందో గంటన్నర చెప్పాడు. మధ్యలో సాక్ష్యానికి చెప్పినవన్నీ పడమటి దేశాల పుస్తకాల పేర్లే. అంకాలుని ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఆమె ఆ శాలువాలోనే కునుకు తీసి, చప్పట్లకి లేచి, పక్కనున్న స్టెల్లాని అడిగింది.

"ఏం చెప్పాడమ్మా ఆయన?"

"మీ విద్య మీదే అన్నాడు పిన్నీ. దాన్ని ఎవరూ కొనకూడదు, మీరు అమ్మకూడదు."

"ఈ ముక్కకి గంటన్నరా?"

"నవ్వులాట కాదు పిన్నీ. ఒకసారి ఆ రిజిస్టరుకెక్కితే మీ విద్య వాళ్ళ ఆస్తి. రేపు గట్టు మీద మీతో పనుండదు. నువ్వు నోరు విప్పొద్దు, వేలిముద్ర వెయ్యొద్దు."

అంకాలు సరేనంది. మనస్ఫూర్తిగానే అంది. కూతురు లేకపోతే ఆ మాట మీదే నిలబడేది కూడా.

కూతురు పేరు దేవకుమారి. మిషనరీ ఆసుపత్రిలో పుడితే నర్సమ్మ పెట్టిన పేరు. ఆరో ఏట హాస్టల్లో వేసి, ఇక నీకూ గట్టుకీ చెల్లు అంది అంకాలు. సెలవులకొస్తే పార ముట్టుకోనిచ్చేది కాదు. ఎలకల కూర వండిన రోజు పిల్లకి విడిగా కోడిగుడ్డు వేయించేది. ఆ పిల్ల బాపట్లలో డిగ్రీ చదివింది, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది, రెండేళ్ళుగా ఉద్యోగం లేక ఇంట్లో కూర్చుంది. చదువుకున్న పిల్ల ఇంట్లో కూర్చుంటే కాలవకట్ట మీద ప్రతివాడికీ సలహా ఇచ్చే హక్కు వస్తుంది. అవన్నీ విని అంకాలుకి కడుపు రగిలిపోతుండేది.

అలాంటప్పుడు శ్రీకర్ వచ్చాడు. తెనాలి కుర్రాడు, కంపెనీ తరఫు మనిషి, మెళ్ళో తాడుకి కార్డు. వాళ్ళకి కొలకలూరులో పన్నెండెకరాలుంది గానీ కౌలుకిచ్చేసి మూడు తరాలైంది. గట్టు దిగి బురద తొక్కిన పాపాన పోలేదు. అతను గుడిసె ముందు నులకమంచం మీద ఒద్దికగా కూర్చుని చెప్పాడు.

"అమ్మా, మీరు జ్ఞానదాత అండి. మీరు చెప్తే దేవకుమారి ఇంగ్లీషులో చెప్తుంది. తర్వాత రైతులకి నేర్పే ట్రైనరు ఉద్యోగం తనకేనండి. పర్మినెంటు."

 దేవకుమారి తల్లి మొహం వంక చూసింది. అంకాలు రాత్రంతా అటూ ఇటూ దొర్లి, తెల్లారేసరికి ఉపాయం కనిపెట్టింది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. పిల్లకి ఉద్యోగం రావాలి, విద్య బయటికి పోకూడదు. వెళ్ళి చెప్తే సరి, నోటికొచ్చిందల్లా.

బాపట్లలో ఒక హోటలు గది. ఏసీ చలికి అంకాలు రెండు కొంగులు కప్పుకున్నంత పని చేసింది. ఎదురుగా పైకం ఇచ్చే విదేశీ సంస్థ తరఫున వచ్చిన కాట్రీనా దొరసాని. మంచి మనిషి, పాపం. అంకాలు ఏం చెప్పినా కళ్ళు పెద్దవి చేసి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని వింటుంది. ఎలక ఉన్న కన్నాన్ని, లేని కన్నాన్ని ఎలా గుర్తుపడతారు అని అడిగింది. ఎలకల పనిలో అసలు విద్యంతా అదే. గట్టుకి నలభై కన్నాలుంటాయి, ఎలకలుండేది ఆరేడింట్లో. మిగతావి తవ్వితే నడుం పడిపోవడమే మిగులుతుంది.

అంకాలు గొంతు సవరించుకుంది.

"ముందు ఎడమ కాలి మీద నిలబడాల. కన్నం దగ్గర ముక్కు పెట్టి ఏడు లెక్కపెట్టాల. ఎలకుంటే నీకు తుమ్మొచ్చిద్ది."

దేవకుమారి ఇంగ్లీషులో చెప్పింది. దొరసాని రాసుకుంది. శ్రీకర్ కూడా రాసుకున్నాడు. అతను రాసుకోవడం చూశాకే అంకాలుకి ధైర్యం వచ్చింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"తర్వాత గట్టు మీద కూర్చుని అత్తగారిని తిట్టాల. గట్టిగా. ఎలక ఆడదైతే కదలకుండా వినిద్ది, మగదైతే పారిపోద్ది."

దొరసాని ముగ్ధురాలైపోయింది. దేవకుమారి మొహం కూడా వెలిగిపోతోంది. అమ్మకి ఇంత తెలుసా అన్న గర్వం ఆ పిల్ల కళ్ళలో చూసి అంకాలుకి ఒక్క క్షణం గుండె కలుక్కుమంది. ఆపాల్సింది. ఆపలేదు. సరిగ్గా అప్పుడే బిరియానీ వచ్చింది, ఆ ఉత్సాహంలో మూడోది కూడా వదిలింది.

"ఆఖరికి అరచెయ్యి కన్నంలో పెట్టాల, మణికట్టు దాకా. వెచ్చగా తగిల్తే ఎలకున్నట్టే."

ఈ మాట ఏ రైతు చెవినైనా పడితే పకపకా నవ్వుతాడని ఆమెకి తెలుసు. కన్నంలో చెయ్యి పెట్టేంత తెలివితక్కువ మనిషి డెల్టాలో పుట్టలేదు. అందుకే భయపడకుండా చెప్పి, కోడికాలు కొరికింది.

నాలుగు నెలల్లో రిజిస్టరు అచ్చయి వచ్చింది. మొదటి పేజీలో అంకాలు ఫోటో, లోపల ఆమె చెప్పినవన్నీ. అత్తగారిని తిట్టడాన్ని 'ప్రతికూల సంభాషణ ద్వారా ధ్వని పరీక్ష' అని రాశారు. దేవకుమారి కంపెనీ టీషర్టు వేసుకుని ఊరూరా తిరిగి ఏసీ హాళ్ళలో మట్టితో చేసిన ఉత్తుత్తి కన్నం ముందు పెట్టుకుని నేర్పుతోంది. కొలకలూరులో ఒక పెద్దరైతు ఆ మాట పట్టుకుని గట్టు మీద అత్తగారిని మనసారా తిట్టుకుంటుంటే, భోజనం క్యారేజీ తెచ్చిన భార్య వెనకే నిలబడి మొత్తం వింది. ఆయన రెండు రోజులు పచ్చడి మెతుకులు తిన్నాడని కథ చెప్పుకున్నారు. ఎలకలు మాత్రం ఆ ఏడు సుఖంగా కాపురాలు చేసుకున్నాయి.

ఈ కబుర్లు విని కాలవకట్ట మీద జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. అంకాలు కూడా నవ్వింది గానీ కూతురు ఇంటికి వచ్చే వేళకి నవ్వు ఆపేసేది. నెల మొదటి తారీకున దేవకుమారి స్వీట్ల డబ్బా తెచ్చి, "మా అమ్మ చెప్పిందంటే అందరూ లేచి నిలబడతన్నారమ్మా" అని చెప్పేది. నిజం చెప్పాలని రోజూ అనుకునేది అంకాలు. చెప్తే ఆ పిల్ల మర్నాడు హాల్లో ఏ మొహంతో నిలబడుతుంది? అందుకని రోజూ మింగేసేది. స్టెల్లాకైతే అసలే చెప్పలేదు. రిజిస్టరు అచ్చయిన రోజున స్టెల్లా ఫోను చేసి, "అమ్మేశావా పిన్నీ" అని ఒక్క మాట అని పెట్టేసింది.

కోతలైన వారానికి అసలు రోజు వచ్చింది. చెరుకుపల్లిలో వెంకటరత్నంగారి పొలంలో టెంటు వేశారు. కోసిన వరి కొయ్యకాళ్ళ మీద ప్లాస్టిక్ కుర్చీలు, ముప్ఫై మంది రైతులు, పైన ఈగలా రొద చేస్తూ డ్రోను. మొదట నిజం గట్టు మీద దేవకుమారి చేసి చూపించాలి, తర్వాత సంఘంవాళ్ళు ఒప్పుదల కాగితం మీద వేలిముద్రలు వెయ్యాలి. ముద్రలు పడితే ఆ సాయంత్రమే మిషన్లు, ఇక గట్లు ముట్టుకోవడానికి లేదు. కాగితం, సిరా డబ్బా టేబులు మీద ఉన్నాయి. టేబులు ముందు అంకాలు కూర్చుంది, వెనక నలభై మంది సంఘం జనం. ఎలాగూ ఈ శాస్త్రంతో ఎలకలు దొరకవు, అది చూపించి వేలిముద్ర వెయ్యనని లేచిపోవాలన్నది ఆమె లెక్క. స్టెల్లా స్కూటీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఆమె వంక చూడకుండా ఉంది.

శ్రీకర్ మైకు అందించాడు. దేవకుమారి గట్టెక్కింది. ఎడమ కాలి మీద నిలబడి ముక్కు పెట్టి ఏడు లెక్కపెట్టింది. రైతులు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. తర్వాత అత్తగారి ఘట్టం. పెళ్ళి కాని పిల్ల, అత్త ఎక్కణ్ణుంచి వస్తుంది? రిజిస్టరులో అచ్చేసిన నమూనా తిట్టునే చదివింది. "అత్తగారూ, మీ ప్రవర్తన నాకు చాలా బాధ కలిగిస్తోంది." వెంకటరత్నంగారు తువ్వాలు మొహాన కప్పుకున్నాడు. అంకాలుకి మాత్రం నవ్వు రాలేదు. తన మాట తన కూతురి నోట్లోంచి అలా వినపడుతుంటే సిగ్గుతో చచ్చిపోయింది.

దేవకుమారి టీషర్టు చెయ్యి పైకి మడుచుకుని మోకాళ్ళ మీద వంగింది.

అంకాలు అప్పుడు చూసింది ఆ కన్నాన్ని. నాలుగు బారల దూరం నుంచే చూసింది. చూడగానే అరిచింది.

"దేవీ, చెయ్యి పెట్టమాకు."

దేవకుమారి తలెత్తి నవ్వింది. "ఏం కాదులేమ్మా, నువ్వు చెప్పినట్టే చేస్తన్నా."

ప్రపంచంలో ఆ కన్నంలో చెయ్యి పెట్టే మనిషి ఒక్కతే ఉంది. తల్లి మాట నమ్మిన మనిషి. ఇన్నాళ్ళూ ఎవరి తెలివి మీదో లెక్కలేసింది గానీ అంకాలుకి ఈ లెక్క తట్టలేదు. కుర్చీ తన్నేసి పరిగెత్తింది. కూతురి జడ పట్టుకుని వెనక్కి ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ గట్టు కింద పడ్డారు.

"అబద్ధం చెప్పానే. అదంతా అబద్ధమే. దాంట్లో ఎలక లేదు, పాముంది."

మైకు పక్కనే పడి ఉంది. టెంటులో అందరికీ వినపడింది.

 అంకాలే లేచి, చీర దులుపుకోకుండా, సంఘంవాళ్ళ దగ్గర పొగ కుండ అందుకుంది. వరిగడ్డి అంటించి కుండ మూతి కన్నానికి ఆనించి, అడుగు బెజ్జంలోంచి ఊదింది. నాలుగు ఊదులకి పక్క కన్నంలోంచి తాచుపాము మూర తర్వాత మూరగా బయటికొచ్చింది. కుర్చీలు బోర్లాపడ్డాయి. దొరసాని టేబులెక్కింది. అంకాలు వెదురు కర్ర మీద దాన్ని ఎత్తుకుని, కాలవ అవతల తుప్పల్లో వదిలేసి వచ్చింది. పాముదేం తప్పు లేదు మరి.

శ్రీకర్ ముందుగా తేరుకున్నాడు. ఉద్యోగస్థుడు. ఫోను పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"అంత దూరం నుంచి ఎలా తెలిసిందమ్మా? చెప్పండి, రికార్డవుతోంది."

అంకాలు అతన్ని చూడలేదు. దేవకుమారి గట్టు కిందే కూర్చుని ఉంది, టీషర్టు నిండా మట్టి. మొహం పాలిపోయింది.

"మూడూ అబద్ధాలేనా?"

"మూడూనే."

"తొమ్మిది ఊళ్ళు తిరిగానమ్మా. ప్రతి ఊళ్ళో మా అమ్మ చెప్పిందని గర్వంగా చెప్పా. రైతులు నవ్వతా ఉంటే మొరటోళ్ళనుకున్నా. కంపెనీవాళ్ళకి చెప్పకపోతివి, నాకైనా చెప్పకపోయావా?"

అంకాలు ఊరుకోలేదు, ఊరుకోవడం ఆమెకి చేతకాదు. "నువ్వు నీ కోసం అడగలేదు గదే. వాళ్ళ కోసం అడిగావు."

"నా కోసం అడగనిచ్చావా ఎప్పుడన్నా? గట్టెక్కితే కాళ్ళిరగ్గొడతానన్నావు. పార ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టావు. ఏం తెలీని దాన్ని చేసి హాస్టల్లో పారేసి, ఇప్పుడు తెలీదని నన్నంటావా?"

రేపల్లెలో ఆఫీసర్లకి ఎదురు చెప్పిన, బాపట్లలో దొరసానికి కట్టుకథలు చెప్పిన నోరది. అలాంటిది, అంకాలు ముప్ఫై మంది రైతుల ముందు, పైన డ్రోను తిరుగుతుండగా, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఒప్పుదల కాగితం మీద ఎవరూ వేలిముద్ర వెయ్యలేదు. స్టెల్లా వచ్చి సిరా డబ్బా మూత పెట్టి, అంకాలు భుజం మీద చెయ్యేసి, "ముందే చెప్పొచ్చుగా పిన్నీ" అంది. దొరసాని టేబులు దిగి, పథకం ప్రస్తుతానికి ఆపుతున్నామని చెప్పి కారెక్కింది. శ్రీకర్ మాత్రం ఆ సాయంత్రమే దేవకుమారికి ఫోను చేశాడు. జీతం రెండింతలు, మీ అమ్మ దగ్గర అసలుది కనుక్కో చాలు అన్నాడట. ఆ పిల్ల ఏం చెప్పిందో అంకాలుకి తెలీదు. ఒకే గుడిసెలో తల్లీ కూతుళ్ళు రెండు రోజులు మాట్లాడుకోలేదు.

మూడో రోజు వెంకటరత్నంగారు కాలవకట్టకి మనిషిని పంపలేదు, తనే వచ్చాడు. "ఏమే అంకాలూ, పక్క చేలో నమూనాకి గుచ్చిన మిషను రోజుకి మూడొందల మెసేజిలు కొడతందట, ఎలకలున్నాయని. అది మాకు తెలవదా? వచ్చి తవ్వండి. గింజలు మీయే, పాత మాటే" అన్నాడు.

పొద్దున్నే సంఘం గట్టెక్కింది. అంకాలు మొదటి కన్నం దగ్గర వంగుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. దేవకుమారి. పాత చుడీదారు, చేతిలో తల్లి పార. సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు.

అంకాలు నడుం ఎత్తి చూసింది. ఈ పార ఈ చేతుల్లో చూడకూడదనే కదా పదహారేళ్ళు పిల్లని దూరంగా ఉంచుకుని ఏడ్చింది. పొమ్మని నోటిదాకా వచ్చింది. కానీ ఆ పారని ఆ పిల్ల చేతుల్లో చూసి సంతోషం కూడా వచ్చింది, ఆ సంతోషానికి ఆమెకే ఆశ్చర్యమేసింది.

"శ్రీకర్ బాబు పంపాడా?" అంది కటువుగా.

"ఫోను ఇంట్లో పెట్టి వచ్చా. నాకు తెలుసుకోవాలనుంది. చెప్తావా చెప్పవా?"

అంకాలు కూతురి మెడ మీద చెయ్యేసి కన్నం మీదికి వంచింది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. రెండో కన్నం దగ్గర మళ్ళీ చెప్పింది. మూడో కన్నం దగ్గర ఏమీ చెప్పకుండా నిలబడింది. దేవకుమారి చాలాసేపు చూసి, ఇది కాదని, అవతలిదని చూపించింది. తవ్వితే ఐదు ఎలకలు, కుంచెడున్నర వడ్లు. పిల్ల ఆ వడ్లు దోసిట్లో పట్టుకుని చిన్నప్పుడు కూడా నవ్వనంత నవ్వు నవ్వింది.

తల్లి కూతురి చెవిలో ఏం చెప్పిందో ఇక్కడ రాయడం పెద్ద పనేం కాదు, మూడు ముక్కలు. కానీ రాస్తే శ్రీకర్ చదువుతాడు.